గూట్లో రొట్టె

బెర్నబే దగ్గర రెండిటికి కరువు లేదని ఊళ్లో ఆడవాళ్లు అనేవారు. ఒకటి బూడిద, రెండోది సామెత. బట్టీలో కట్టె ఉన్నంతకాలం మొదటిదీ, అతని నోట్లో నాలుక ఉన్నంతకాలం రెండోదీ తరగవు.

బట్టీ ఊరుమ్మడిది. ఇళ్లలో పిండి పిసికి, ముద్దలు చేసి, ఒక్కో ముద్ద మీద ఇంటి గుర్తు కొయ్య అచ్చుతో ఒత్తి, బల్ల మీద పేర్చి గుడ్డ కప్పి పంపేవారు. కాల్చి ఇవ్వడం బెర్నబే పని. బల్లకి ఒక రొట్టె అతని కూలి. ఆ బల్లల్ని ఇళ్ల నుంచి నెత్తిన మోసుకొచ్చి, కాలిన రొట్టెల్ని మళ్లీ ఇళ్లకి చేర్చేది బ్రియాండా. ముప్ఫై ఏళ్ల మనిషి, మొగుడు పోయాడు, ఇంట్లో మంచం పట్టిన అత్త. ఆమె జుట్టు తోమిన రాగి చెంబు రంగు. తలగుడ్డ ఎంత బిగించి కట్టుకున్నా చెవుల పక్కన రెండు పాయలు బయటపడి కనిపిస్తూనే ఉండేవి.

ఆ గురువారం ఆ ఏటికి మొదటి చలి. ముందుగా గియోమార్ ఇంటి బల్ల వచ్చింది. ఎప్పుడూ మొదటి బల్ల వాళ్లదే. ఆమె మొగుడికి ఆరు బళ్లున్నాయి, ఊరి పెద్దల్లో ఒకడు, వాళ్ల రొట్టెల మీద బండి చక్రం గుర్తు. బెర్నబే నిప్పులు బయటికి లాగేసి, తడిగుడ్డ చుట్టిన గెడతో బట్టీ నేలంతా తుడిచాడు. గుప్పెడు పిండి లోపలికి చల్లి చూశాడు. పిండి మాడకుండా నెమ్మదిగా ఎర్రబడింది. ఇక పొడుగాటి తెడ్డు మీద రెండేసి ముద్దలు పెట్టి లోపలికి తోశాడు. కాలినవి దించుతుంటే పెరటి తలుపు గాలికి దబ్బుమని కొట్టుకుంది. అతను తలెత్తలేదు.

రొట్టెలు దిగాయి. బల్లమీద పేర్చినవి గియోమార్ వేలితో తాకుతూ లెక్కపెట్టింది. మళ్లీ పెట్టింది.

“ఇరవై పంపాను బాబాయ్. నీ కూలి పోగా పంతొమ్మిది రావాలి. పద్దెనిమిదే ఉన్నాయి.”

“ఇంకోసారి చూడు తల్లీ.”

“రెండుసార్లు చూశాను. నాకు చూపు బాగానే ఉంది.”

రెండో బల్ల రొట్టెలు లోపల ఉన్నాయి. ఒక పక్క రంగు తిరిగిపోతోంది. బెర్నబే తెడ్డు లోపలికి పోనిచ్చి, ముఖం వేడికి పక్కకి తిప్పుకుని, ఈగని తోలినట్టు ఒక మాట విసిరాడు.

“ఎర్రబొచ్చుదైతే పిల్లీ వద్దు, కుక్కా వద్దన్నారు పెద్దలు. నీ బల్ల ఎవరు మోశారో చూసుకో మరి!”

వరసలో నిలబడ్డ ఆడవాళ్లందరూ గొల్లుమన్నారు. ముసలి మెంగా నవ్వి నవ్వి దగ్గింది. గియోమార్ మాత్రం నవ్వలేదు. బ్రియాండా వైపు తిరిగి చూసింది.

బ్రియాండా నెత్తిమీద చుట్టకుదురు తీసింది. దాన్ని విప్పింది, మెలిపెట్టింది, మళ్లీ చుట్టి నెత్తిన పెట్టుకుంది. అలా ఎందుకు చేసిందో ఆమెకే తెలియనట్టుంది. తరవాత వంగి గియోమార్ బల్ల ఎత్తుకోబోయింది.

“వద్దులే,” అంది గియోమార్. “మా ఇంటి మనిషి వస్తుంది.”

*

సామెతకి కాళ్లుండవు గానీ గుర్రంకంటే ముందు పోతుంది. శుక్రవారం బట్టీకి పదకొండు బల్లలొచ్చాయి. బ్రియాండా మోసినవి నాలుగు. శనివారం ఒక్కటే. ఆ ఒక్కటీ కూడా ఊరి చివర చెవిటి కంసాలిది. అతనికి ఎవరి మాటా వినపడదు.

మిగతావాళ్లు తమ బల్లలు తామే మోసుకొచ్చారు. అలవాటు లేక, ఒక చేత్తో బల్ల పట్టుకుని, ఇంకో చేత్తో గోడ పట్టుకుని, మెడలు బిగదీసుకుని వచ్చారు. ఒకామె నాలుగు ముద్దలు మట్టిలో పడేసింది. అయినా బ్రియాండాని పిలవలేదు.

“ఏమో బాబాయ్, నువ్వే అన్నావుగా,” అంది ఆమె, ముద్దలమీద మట్టి ఊదుకుంటూ.

“నవ్వులాటకన్నాను.”

“నవ్వులాటకైనా పెద్దల మాట పెద్దల మాటే. ఏరు మోగిందంటే నీళ్లున్నట్టే కదా!”

ఆ సామెత కూడా అతను చెప్పినదే, కిందటేడు ఇంకెవరి గురించో.

శనివారం పని అయ్యాక బ్రియాండా బట్టీ ముందు ఊడవడానికి వచ్చింది. ఎవరూ చెప్పకపోయినా ఆమె ఆ పని చేసేది. వేసవిలో సాన్ హువాన్ పండుగ ముందు కసిల్దా, అంటే బెర్నబే పెళ్లాం, పోయినప్పుడు మొదలుపెట్టింది. తొమ్మిది రోజులు చేసి ఆపేస్తుందనుకున్నాడు. ఆపలేదు. అతను కృతజ్ఞత చెప్పలేదు, ఆమె అడగలేదు.

చీపురు పక్కన పెట్టి, “బాబాయ్, నేను తియ్యలేదు,” అంది.

బెర్నబే తెడ్డు అంచు గీకుతున్నాడు. జవాబు నాలుకమీద సిద్ధంగా ఉంది. ఉన్నదే చెప్పాడు.

“నిజం నూనెలాంటిదమ్మా. ఎంత నీళ్లలో పోసినా పైకే తేలుతుంది.”

“ఎన్నాళ్లకి తేలుతుంది?”

అతనికి అర్థం కాలేదు.

“అడుగుతున్నాను బాబాయ్, అంతే. మా అత్తకి సోమవారం దాకానే రొట్టె ఉంది. పళ్లు లేవు కదా, పులుసులో నానబెట్టి ముద్దలా చేసి పెడతాను, అందుకని కాస్త ఎక్కువ రోజులొస్తుంది. సోమవారం లోపల తేలుతుందంటే ఇక్కడే ఉంటాను. లేదంటే టొలేడో పట్నంలో మా పినతల్లి కూతురు ఒక ఇంట్లో పాచిపని చేస్తోంది. అక్కడికి పోవాలి. మంగళవారం ఉప్పు బండి వెళ్తుందిట, అత్తని అందులో పడుకోబెట్టొచ్చునన్నాడు బండివాడు.”

ఆమె గొంతులో కోపం లేదు. దారి అడిగినట్టు అడిగింది. బెర్నబే నోరు తెరిచాడు. ముప్ఫై ఏళ్లుగా ఆ నోరు ఖాళీగా తెరుచుకున్నది లేదు.

*

ఆదివారం పొద్దున్నే, పూజ గంటకి ముందు, రేపటికి చితుకులు తెచ్చుకుందామని అతను పెరట్లోకి వెళ్లాడు. చితుకుల పాక దగ్గరికి కసిల్దా పోయాక అంతగా వెళ్లేవాడు కాదు. కట్టెలవాడే మోపులు తెచ్చి వాకిట్లో పడేసేవాడు.

బట్టీ గది వెనకగోడలో చిన్న గూడుంది. అటూ ఇటూ తెరిచి ఉండే గూడు, జానెడున్నర ఉంటుంది. లోపలినుంచి చెయ్యి చాపితే పెరట్లో ఉన్నవాళ్లకి ఏదైనా అందించవచ్చు. ఆ గూటి దగ్గర పిచ్చుకలు రేగుతున్నాయి. పది పన్నెండున్నాయి, ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. అతను దగ్గరకొచ్చేసరికి ఎగిరిపోయాయి.

గూట్లో రొట్టె ఉంది. పైన ఒక పక్క పొడిచి తినేశాయి. మిగిలిన పక్క బండి చక్రం గుర్తు, ఆరు ఆకులతో సహా చెక్కుచెదరకుండా ఉంది.

బెర్నబే కాసేపు దానివంక చూశాడు. ముందు ఎవరు పెట్టారా అని ఆలోచించాడు. తరవాత చెయ్యి చాపి తీశాడు. రాయిలా ఉంది. దాని బరువు చేతిలో పడగానే చేతికి గుర్తొచ్చింది.

ఇరవై ఏడేళ్లపాటు ప్రతి గురువారం మొదటి బల్లలో కూలి రొట్టె అతను ఆ గూట్లోనే పెట్టేవాడు. కసిల్దా రెండు చేతుల నిండా చితుకులతో పాకలోంచి వచ్చి, పెరటి తలుపు కాలితో దబ్బుమని తన్నేది. ఆ చప్పుడు వినగానే అతను తిరిగి చూడకుండానే వేడి రొట్టె గూట్లో పడేసేవాడు. ఆమె మోపు దించి, చేతులు ఆ రొట్టెమీద కాచుకుని, తరవాత తినేది. “మీ బట్టీలో పనికొచ్చేది ఇదొక్కటే, మిగతాది పొగ,” అనేది.

మొన్న గురువారం మొదటి చలి. తలుపు గాలికి కొట్టుకుంది. చెయ్యి తన పని తాను చేసింది. తరవాత మనిషి తన పని తాను చేశాడు. ఇప్పటి అలవాటు ప్రకారం ఇంకో రొట్టె తీసి కూలి బుట్టలో వేసుకున్నాడు. రెండు రొట్టెలు.

చితుకుల మోపు మీద కూర్చున్నాడు. పిచ్చుకలు పాక కప్పుమీదికి చేరి అరుస్తున్నాయి. కొంచెం పొడి విదిలించి వాటికి వేశాడు. గంట మోగింది. మళ్లీ మోగింది. అప్పుడు లేచి, రొట్టెని పై అంగీ కింద పెట్టుకుని గుడికి వెళ్లాడు.

*

పూజ అయ్యాక మెట్లమీద గియోమార్‌ని ఆపాడు. పక్కన మెంగా కర్రమీద ఆనుకుని నిలబడింది. చుట్టూ ఇంకో నలుగురైదుగురు. బెర్నబే అంగీ కిందినుంచి రొట్టె తీసి చూపించాడు.

“ఇదుగో తల్లీ నీ రొట్టె. తీసినవాణ్ణి నేనే. మతిలేక గూట్లో పెట్టాను. ఆ పిల్ల తప్పేం లేదు. అందరూ వినండి, నేనే తీశాను.”

తన జీవితంలో ఇంత పొడి మాట చెప్పిన జ్ఞాపకం అతనికి లేదు. చెప్పాక తేలిగ్గా అనిపించింది.

గియోమార్ రొట్టెని చేతిలోకి తీసుకుంది. తిప్పి చూసింది. చక్రం మీద బొటనవేలితో రాసింది. తరవాత అతనివంక జాలిగా చూసింది.

“నీది వెన్నలాంటి మనసు బాబాయ్.”

“అది కాదమ్మా...”

“తెచ్చి నీకిచ్చేసిందన్నమాట. భయపడి ఉంటుంది. నువ్వు నీ నెత్తిన వేసుకుంటున్నావు.”

“పెరట్లో గూట్లో ఉంది! పిచ్చుకలు తింటున్నాయి!”

“మరి? పెరటి గుమ్మం దాకా వచ్చి గూట్లో పడేసి పోయింది. ఊడవడానికి వస్తుందిగా నీ దగ్గరికి?” అంది వెనకనుంచి ఇంకొకామె.

మెంగా కర్ర నేలకేసి కొట్టింది. “ఒరే అబ్బాయ్, సంజాయిషీ చెప్పినవాడు సగం ఒప్పుకున్నట్టేనని నువ్వే అనేవాడివి కదరా. ఇక్కడ సంజాయిషీ చెప్పాల్సింది అది. నువ్వెందుకు చెప్తున్నావు? పెళ్లాం పోయి ఆర్నెల్లు కాలేదు. జాగ్రత్త! నీ బట్టీలో కాలేవి రొట్టెలేనా?”

ఎవరో కిసుక్కున నవ్వారు. బెర్నబే గొంతు పెంచాడు.

“నేనే తీశానంటుంటే!”

“గట్టిగా అనకు,” అంది గియోమార్, గొంతు తగ్గించి, మంచిగానే. “మా ఆయన చెవిన పడితే నిజమే అనుకుంటాడు. సాన్ మార్తిన్ పండుగకి బట్టీ వేలంపాట ఉంది. బల్లకి రెండు రొట్టెలు తీసేవాడికి బట్టీ ఇవ్వరు.”

“ఇవ్వద్దు. నిజం చెప్పాను.”

“సరే సరే. నాకు పోయిన రొట్టె వచ్చింది, చాలు. నా మనసులో ఇంకేం లేదు. కానీ బాబాయ్, దాని నెత్తిన నా బల్ల మాత్రం పెట్టను. పెద్దలు ఊరికే అనరు.”

ఆమె రొట్టెని పట్టుకుని వెళ్లిపోయింది. అతను మెట్లమీద నిలబడిపోయాడు. నిజం నూనెలా పైకి తేలింది. అందరూ చూశారు. చూసి, ఇది నూనె కాదు నీళ్లే అన్నారు.

*

సోమవారమంతా బెర్నబే తన సామెతల మూట వెతుక్కున్నాడు. రొట్టెలు తోస్తూ వెతికాడు, బూడిద తోడుతూ వెతికాడు. ఎర్రజుట్టుని మెచ్చుకునే సామెత ఒక్కటైనా ఉండకపోదు. తండ్రి చెప్పినవి, తాత చెప్పినవి, దారినపోయే గొర్రెలకాపర్లు చెప్పినవి, జాతర్లో గుడ్డివాళ్లు పాడినవి అన్నీ తీసి చూశాడు. కుంటివాళ్ల మీద ఉన్నాయి, మెల్లకంటివాళ్ల మీద ఉన్నాయి, సవతి తల్లుల మీద ఒక గంపెడున్నాయి. ఎర్రజుట్టు మీద ఏడు గుర్తొచ్చాయి. ఏడూ తిట్లే.

కసిల్దాని పాతిపెట్టిన రోజు ఊరంతా వచ్చి, వరసగా తన చేతులు పట్టుకుని, ఒకే మాట చెప్పింది కూడా గుర్తొచ్చింది. రొట్టె పక్కనుంటే దుఃఖం సగం. బట్టీవాడి దగ్గర ఆ మాట చెప్పడం అందరికీ చాలా బాగా కుదిరిందనిపించింది. అతనూ తలూపాడు. ఆ రాత్రి మాత్రం రొట్టె గొంతు దిగలేదు.

మంగళవారం తెల్లవారేసరికి ఆడవాళ్లు వచ్చేశారు. పందులు కోసే సాన్ మార్తిన్ పండుగ దగ్గరపడుతోంది, అందరికీ ఎక్కువ రొట్టె కావాలి. బెర్నబే ఇంకా చితుకులు కాలుస్తూనే ఉన్నాడు. బట్టీ నోట్లో మంట ఈలవేస్తోంది. బల్లలు గోడవారన ఆనించి, ఆడవాళ్లు అరచేతులు చాచి చలికాచుకుంటున్నారు. గియోమార్ అందరికంటే ముందు నిలబడింది. ఆమె ఇంటి పనిమనిషికి మెడ పట్టేసింది, తనే మోసుకొచ్చింది. ఆ సంగతి ఎవరూ ఎత్తకుండా నడుం నిటారుగా పెట్టుకుంది.

బ్రియాండా చంకలో మూటతో వచ్చింది. లోపలికి రాలేదు, గుమ్మం దగ్గరే నిలబడింది.

“వెళ్తున్నాను బాబాయ్. బండి బావి దగ్గర ఆగింది. చీపురు తలుపు వెనక పెట్టాను. ఇది కసిల్దా పిన్ని ఇచ్చింది, మీకు ఇచ్చేద్దామని.”

చుట్టకుదురు చాపింది.  మెంగా మంటలోకి చూసింది.

బెర్నబే చేతిలో చితుకుల మోపుంది. ఆ పిల్ల చెయ్యి చూశాడు, చుట్టకుదురు చూశాడు. ఏం చెయ్యాలో తోచక మోపుని లోపలికి విసిరాడు. మంట ఒక్కసారిగా బట్టీ నోట్లోంచి బారెడు బయటికి లేచింది. ఆడవాళ్లు వెనక్కి జరిగారు. గుమ్మంలో నిలబడ్డ మనిషి తలగుడ్డ పక్కనుంచి జారిన ఆ రెండు పాయలూ వెలిగాయి. అక్కడా ఇక్కడా ఒకటే రంగు.

“నిప్పు జుట్టు ఎర్రనే, అది లేని రొట్టె పచ్చిదే,” అన్నాడు బెర్నబే.

అన్నాక తనే ఆగిపోయాడు. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో అతనికి తెలియలేదు. తాత దగ్గరినుంచి కాదు. గొర్రెలకాపర్ల దగ్గరినుంచి కాదు. ఒక్కొక్కళ్లే అతనివైపు తిరుగుతున్నారు.

“ఏంటది?” అంది గియోమార్.

ముప్ఫై ఏళ్లలో ఆ బట్టీ ముందు బెర్నబే ఆడిన మొదటి అబద్ధం అదే.

“ఏముంది తల్లీ, పాత మాటే. పెద్దలనేది. నిప్పు జుట్టు ఎర్రనే, అది లేని రొట్టె పచ్చిదే. ఎర్రజుట్టు మనిషి మోసిన పిండి బాగా పొంగుతుందని మా అమ్మ ఏరికోరి వాళ్లచేతే మోయించేది.” అందరివంకా చూశాడు. “మీరు వినలేదూ?”

 చితుకులు చిటపటమన్నాయి. మెంగా కళ్లు చిట్లించింది. ఆమెకి ఎనభై రెండేళ్లు. ఆ ఊళ్లో ఆమెకి తెలియని పాత సంగతి ఉందంటే అది ఆమెకే తలవంపు.

“వినకపోవడమేమిట్రా!” అంది మెంగా. “మా అమ్మమ్మ అననిరోజు లేదు. పిప్పిపన్ను నొప్పితో దవడ కట్టుకుని కూడా అనేది.”

“మా అత్తగారూ అనేది కాబోలు,” అంది ఇంకొకామె ఆలోచిస్తూ. “ఎక్కడో విన్నట్టే ఉంది.”

“ఎక్కడో ఏమిటి, ఊరంతా అనేవారు. మీ కాలం వాళ్లకే ఏవీ తెలీవు.”

అందరి చూపూ గియోమార్ మీదికి తిరిగింది. ఆమె మెడ నెమ్మదిగా రుద్దుకుంది. తన బల్లవంక చూసింది, బయట ఎత్తుగా ఉన్న వీధివంక చూసింది. తిరుగుదారంతా ఎగువే.

“నువ్వు తప్పు చెప్తున్నావు బాబాయ్,” అంది.

బెర్నబే తెడ్డు అందుకున్నాడు.

“‘అది లేని రొట్టె పచ్చిదే’ కాదు. ‘అది లేని ముద్ద పచ్చిదే.’ కాలాక కదా రొట్టె అయ్యేది! మా పుట్టింటివైపు అలాగే అంటారు, చిన్నప్పట్నుంచీ వింటున్నాను.”

“అవును తల్లీ,” అన్నాడు బెర్నబే. “ముద్దే. వయసైపోయింది, తప్పు పలుకుతున్నాను.”

గియోమార్ గుమ్మం వైపు తిరగకుండానే గొంతు హెచ్చించింది. “అక్కడే నిలబడ్డావేమే, చలిగాలంతా లోపలికొస్తోంది. మా రొట్టెలు దిగాక ఎవరు మోస్తారు, నేనా? ఆ ఉప్పు బండివాణ్ణి పొమ్మను. ముసలమ్మని మంచులో పడుకోబెట్టి తీసుకెళ్తారా ఎవరైనా, బుద్ధి ఉందా నీకు!”

బ్రియాండా కదల్లేదు. బెర్నబే ముఖంలోకి చూసింది. అతను తెడ్డు చూసుకుంటున్నాడు. ఆమె మూట కింద పెట్టి, చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని, చుట్టకుదురు నెత్తిన పెట్టుకుంది. తరవాత బావివైపు పరిగెత్తింది.

*

బుధవారంనాటికి ఆ మాట అతనికంటే ముందే ఊరంతా తిరిగొచ్చింది. రొట్టె అని కొందరూ, ముద్ద అని కొందరూ బావి దగ్గర వాదించుకున్నారు. చెవిటి కంసాలి కూడా చేతులతో మంటలా చేసి చూపించి నవ్వాడు. పక్క ఊరినుంచి వచ్చిన కట్టెలవాడు మోపు దించుతూ, “మావైపు ఒక మాట ఉంది బాబాయ్, నువ్వు విని ఉండవు,” అని మొదలుపెట్టి అదే చెప్పాడు. బెర్నబే శ్రద్ధగా విని, బాగుందన్నాడు.

ఆ రోజునుంచీ అతను సామెత చెప్పబోయేముందు కాస్త ఆగేవాడు. మనిషి ముసలివాడవుతున్నాడని అందరూ అనుకున్నారు. అతను చూసుకుంటున్నది వేరు. ఎర్రకుక్క మాటని మొదట అన్నవాడు మహాజ్ఞాని అయి ఉండక్కర్లేదు. ఏ చలి పొద్దునో చేతినిండా పనితో, పక్కకి తిరిగి చూడ్డానికి తీరికలేక అనేసి ఉంటాడు. రొట్టె పక్కనుంటే దుఃఖం సగమన్న మాట కూడా ఎవరో ఒకరు ఒకరోజు మొదటిసారి అన్నదే. ఎదురుగా కూర్చుని ఏడుస్తున్న మనిషికి ఇవ్వడానికి ఇంట్లో ఇంకేమీ లేక అని ఉంటారు. ఆ సంగతి తట్టాక, పాతిపెట్టిన రోజున తన చేతులు పట్టుకున్నవాళ్ల మీద అతనికి మనసులో మిగిలిన గరుకు కొంచెం అరిగింది.

గురువారం మళ్లీ చలి. మొదటి బల్ల గియోమార్ ఇంటిదే, బ్రియాండా నెత్తిమీద వచ్చింది. వాకిట్లో చితుకులు అయిపోయాయని చూసి, ఎవరూ చెప్పకుండానే ఆమె పెరట్లోకి వెళ్లింది. బెర్నబే రొట్టెలు దించాడు. ఒకటి, రెండు, మూడు. పైకే లెక్కపెట్టాడు, అందరికీ వినపడేలా. కూలి రొట్టె ఒక్కటే తీశాడు, తీసి పైకెత్తి గియోమార్‌కి చూపించాడు. ఆమె చాల్లే అన్నట్టు చెయ్యి ఊపింది.

పెరటి తలుపు దబ్బుమంది. గాలికి కాదు, కాలితో తన్నిన చప్పుడు. చేతులు ఖాళీగా లేని మనిషి తన్నితే వచ్చే చప్పుడు.

అతను తిరిగి చూడలేదు. బుట్ట దాకా పోయిన చెయ్యి ఆగింది. తరవాత తెలిసే, కొంచెం నెమ్మదిగా, రొట్టెని గూట్లో పెట్టింది. అవతలినుంచి మోపు దించిన చప్పుడు వినిపించింది. రెండు చేతులు లోపలికొచ్చి ఆ వేడి మీద కాసేపు ఊరికే ఆగాయి. తరవాత రొట్టె గూట్లోంచి వెళ్లిపోయింది, పులుసులో నానడానికి.